వేట విరామంలో కాలేజీ కాగితాలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం అవసరమే. అయితే ఇంటర్ ఫలితాలు వచ్చేది ఏప్రిల్‌లో, ఈఏపీసెట్ జరిగేది మేలో. ఆ వెంటనే ఆప్షన్లు పెట్టుకోవాలి, ఫీజు కట్టాలి, హాస్టల్ వెతుక్కోవాలి. నెల్లూరు జిల్లా కావలి మండలం తుమ్మలపెంట మొదలు మైపాడు మీదుగా కృష్ణపట్నం దాకా మత్స్యకారుల పట్టపుపాళేల్లో రాబడి నిలిచిపోయే రోజులూ, బిడ్డ చదువు మలుపు తిరిగే రోజులూ ఒక్కటే అవుతున్నాయి. యూనివర్సిటీకి ఎలా సిద్ధం కావాలో చెప్పే సలహాలు ఈ సంగతి పట్టించుకోవు. ల్యాప్‌టాప్, బ్యాగు, టైమ్‌టేబుల్ అంటూ సాగిపోతాయి. ఈ తీరంలో ముందు సిద్ధం కావలసినవి కాగితాలు. అవి ఏ నెలలో సిద్ధమవుతాయన్నదే అసలు ప్రశ్న.

ఇది గుమస్తా పని అని తీసిపారేయడానికి లేదు. స్థానికత సంగతే చూడండి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నెల్లూరును శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలో, పక్కనే ఉన్న ప్రకాశాన్ని ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో ఉంచింది. సీట్లలో 85 శాతం ఆ పరిధిలోని స్థానికులవే. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఒకే పరిధిలో చదివితే పేచీ లేదు. పదో తరగతి వరకు అల్లూరులో చదివి, ఇంటర్‌కు విజయవాడ వెళ్లిన అమ్మాయికి ఆ నాలుగేళ్ల లెక్క తెగిపోతుంది. అప్పుడు ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివిందో చూస్తారు. అంటే ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఏప్రిల్ చివర మూతపడిన బడి జూన్ రెండో వారం దాకా తెరుచుకోదు. పేర్ల తేడాలు ఇంకో చిక్కు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, ఓటీపీ ఎవరికీ చేరదు. యానాది కుటుంబాల్లోనైతే పుట్టిన తేదీ పత్రం దగ్గరే పని ఆగిపోయే పిల్లలున్నారు. డిగ్రీ ప్రవేశాలు కూడా ఆన్‌లైన్‌కు మారాక ఇలాంటి చిన్న తేడాను సర్దిచెప్పడానికి ఎదుట మనిషి ఉండడు.

వేట ఆగిన రెండు నెలలు తండ్రి ఇంటిపట్టునే ఉంటాడు, చేతిలో డబ్బు ఆడదు. వేట సాగే నెలల్లో అంతో ఇంతో డబ్బు ఉంటుంది, మనిషి దొరకడు. కాబట్టి సమయంతో అయ్యే పనినీ డబ్బుతో అయ్యే పనినీ విడదీసి చూడాలి. వేలిముద్రలు, బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడింపు, తహసీల్దారు కార్యాలయం నుంచి కుల ధ్రువీకరణ వంటివి తల్లిదండ్రులు వెంట ఉంటే తేలిగ్గా అవుతాయి. వాటిని ఇంటర్ మొదటి ఏడాది ముగిశాక వచ్చే విరామంలోనే పూర్తిచేయాలి. రెండో ఏడాది ముగిసేదాకా ఆగితే తప్పు దిద్దుకునే వ్యవధి ఉండదు. డబ్బు సంగతి వేరు. నిషేధ కాలపు భృతిని ప్రభుత్వం 2025లో 20 వేల రూపాయలకు పెంచింది, మంచిదే. కానీ ఆ సొమ్ము బియ్యానికీ, వలల బాగుకూ, పాత అప్పుకూ పోతుంది. అందులోంచి హాస్టల్ అడ్వాన్సు తీయమనడం న్యాయం కాదు. సారా వ్యతిరేక ఉద్యమం నుంచి పొదుపు సంఘాలు వేళ్లూనిన జిల్లా ఇది. సంక్రాంతి నాటికే సంఘంలో చదువు అప్పు మాట్లాడి పెట్టుకుంటే జూన్‌లో వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరం తగ్గుతుంది.

పద్దెనిమిదేళ్ల బిడ్డ తన పని తాను చేసుకోలేదా, అదీ చదువులో భాగమే కదా అని కొందరంటారు. తన కాగితాల్లో ఏముందో ఆ బిడ్డకు తెలిసి తీరాలి, ఒప్పుకుంటాను. కానీ మెమోలో అక్షరం తప్పు వేసింది ఆమె కాదు, దిద్దే అధికారమూ ఆమెకు లేదు. అన్నీ ఫోన్‌లోనే, డిజిలాకర్‌లోనే ఉన్నాయి కదా అనేది రెండో మాట. తప్పుగా నమోదైన పేరు డిజిలాకర్‌లోనూ తప్పుగానే కనబడుతుంది. ఇక మూడో అభ్యంతరం బలమైనది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియమే అయినప్పుడు, తెలుగులో చదువుకున్న పిల్లలు ఈ సెలవుల్లో భాష మీద కూర్చోవాలి గానీ మీ సేవ చుట్టూ తిరగడమేమిటని. నిజమే, ఆ వేసవి చదువుకే దక్కాలి. దక్కాలంటే కాగితాల తిరుగుడు ఏడాది ముందే ముగిసి ఉండాలి.

భారమంతా ఇంటి మీదే వేయడమూ తప్పే. 2019లో గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకుల పోస్టులు ఏర్పడ్డాయి. వేట విరామం మొదటి వారంలోనే తీర మండలాల్లో ఇంటర్ పిల్లల జాబితా పట్టుకుని పాళెం పాళేనికీ వెళ్లడం వాళ్ల పనిగా నిర్ణయించాలి. జూనియర్ కళాశాలలు రెండో ఏడాది దసరాలోపు ప్రతి విద్యార్థి మెమోనూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల పేరుతో టీసీ ఆపే కళాశాలలను ఉన్నత విద్యామండలి కౌన్సెలింగ్‌కు ముందే దారికి తేవాలి. 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి యూనివర్సిటీ కాకుటూరులో కూర్చుని పిల్లల కోసం ఎదురుచూడనవసరం లేదు. అది తన సహాయ కేంద్రాన్ని మే నెలలో జువ్వలదిన్నెకో, మైపాడుకో తీసుకెళ్లవచ్చు. ఆ నెలలో అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ ఊళ్లోనే దొరుకుతారు.