ఏడు కాదు, 8.72!

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు, కెమిస్ట్రీ లెక్చరర్లకు విజ్ఞప్తి

పోయిన ఆదివారం మన ఊరి కార్పొరేట్ కాలేజీ ఒకటి పెట్టిన పరీక్షలో ప్రశ్న ఇది: 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లకు అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 50 మిల్లీలీటర్లు కలిపితే పీహెచ్ ఎంత? కీలో జవాబు 7. లెక్క చేసి 8.72 పెట్టిన అమ్మాయికి నెగెటివ్ మార్కు పడింది. అడగబోతే ‘కీ మారదు, కూర్చో’ అన్నారు.

ఆ 7 హైడ్రోక్లోరిక్ ఆమ్లం లెక్కలోది. ఇక్కడున్నది బలహీన ఆమ్లం. ముందు చర్య జరగనివ్వాలి, ఆ తర్వాతే సమతాస్థితి చూడాలి. 5 మిల్లీమోల్‌ల ఆమ్లం, 5 మిల్లీమోల్‌ల క్షారం పూర్తిగా చర్య జరిపితే 100 మిల్లీలీటర్లలో మిగిలేది 0.05 మోలార్ ఎసిటేట్. అది నీటి నుంచి ప్రోటాన్ లాక్కుని హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. ద్రావణం క్షారమే అవుతుంది. అదే క్షారం 25 మిల్లీలీటర్లే పోస్తే సగం ఆమ్లం మిగిలి పీహెచ్ 4.74. 60 పోస్తే మిగిలిపోయిన క్షారమే నిర్ణయిస్తుంది, 11.96. బొట్టు కూడా పోయకముందు 2.87. నాలుగు చోట్ల నాలుగు లెక్కలు. కాలేజీ ఇచ్చే షార్ట్‌కట్ షీటులో మాత్రం ఒకటే బఫర్ సూత్రం! మొదట్లో లవణం లేదు, తుల్య బిందువు దగ్గర ఆమ్లం లేదు. రెండుచోట్లా ఆ సూత్రం పనికిరాదు.

ఇది పొరపాటు కాదు, దగా. ల్యాబ్‌కు తాళం వేస్తారు. రికార్డులు ఒకరిది చూసి ఒకరు దించుతారు. బ్యూరెట్ పట్టుకోని పిల్లలతో టైట్రేషన్ లెక్కలు బట్టీ పట్టిస్తారు. ఇదే టైట్రేషన్‌లో మిథైల్ ఆరెంజ్ వేస్తే సగం క్షారం పోయకముందే రంగు మారిపోతుంది. ఫినాఫ్తలీన్ 8.2 దాటాకే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఒక్కసారి కళ్లారా చూసిన పిల్ల ‘7’ అని చస్తే రాయదు. అందుకే చూడనివ్వరు!

అసలు పీహెచ్ పుట్టిందే ప్రయోగశాలలో. 1909లో సోరెన్‌సెన్ దాన్ని ప్రతిపాదించింది కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. బఫర్ సూత్రానికి పేరిచ్చిన హెండర్సన్, హాసెల్‌బాల్క్ రక్తంలోని ఆమ్ల క్షారాలను పరిశోధించినవాళ్లు. వాళ్లెవరూ ర్యాంకుల కోసం సూత్రాలు రాయలేదు.

ఎంట్రన్స్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ఇవన్నీ ఎప్పుడు చెప్పాలంటారు కాలేజీవాళ్లు. తప్పు జవాబు ఎంత వేగంగా రాస్తే ఏం లాభం? ఫీజు కట్టించుకునేటప్పుడు లేని తొందర పాఠం దగ్గరే ఎందుకు?

మేం అడిగేవి మూడే. తప్పు కీ సవరించి ఆ మార్కులు ఇవ్వాలి. బలహీన ఆమ్లం లెక్కలో ముందు మిల్లీమోల్‌ల పట్టిక రాయించాలి, తర్వాతే సూత్రం. ప్రతి విద్యార్థీ తన చేత్తో టైట్రేషన్ చేయాలి.

తల్లిదండ్రులారా, ఈసారి కాలేజీకి వెళ్లినప్పుడు ర్యాంకుల బోర్డు ముందు నిలబడకండి. ల్యాబ్ తాళం తీయమనండి. తీసేదాకా కదలకండి.