ఎండ అందరిదీ, రాయితీ మిద్దె ఉన్నవాడిదా?



నైట్ షిఫ్టు దిగి అత్తిబెలె గేటు దాటి గదులకు నడిచేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. కొత్త మిద్దెల మీద వరసగా నల్లటి పలకలు మెరుస్తూ కనిపిస్తాయి. మిల్లుల రేకుల కప్పుల మీదా అవే పలకలు. ఎండను కరెంటుగా మార్చే పలకలవి. వాటికి సర్కారు రాయితీ ఉంది, బ్యాంకు అప్పు ఉంది, పన్ను మినహాయింపు ఉంది. అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ మిద్దెల కింద గదుల్లో అద్దెకుండే మనకు వాటిలో వాటా.

ఈ మాట అనగానే మనలోనే కొందరు, "సోలారు గోల మనకెందుకు? కూలి పెంచమని అడగండి చాలు" అంటున్నారు. వారికి మేము మర్యాదగానే జవాబు చెబుతున్నాం. జేబులోకి వచ్చే రూపాయి గురించి ఎంత పోరాడతామో, జేబులోంచి పోయే రూపాయి గురించీ అంతే పోరాడాలి. పైగా ఇది ప్రజల డబ్బు. సబ్బు బిళ్ళ కొన్నా, చీర కొన్నా మనం కట్టే పన్నులోంచి పోయే డబ్బు. అది ఎవరింటికి పోతోందో అడిగే హక్కు మనకుంది.

ముందుగా లెక్క చూద్దాం

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్ళ మీద సోలారు పలకలు పెట్టిస్తామని, అందుకు 75,021 కోట్ల రూపాయలు కేటాయించామని ప్రకటించింది. పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు. దాని ప్రకారం ఒక కిలోవాటుకు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ. మూడు కిలోవాట్ల ఖర్చు సర్కారు వేసుకున్న లెక్కలో 1,45,000 రూపాయలు. రాయితీ పోగా ఇంటి యజమాని భరించేది 67,000. బజారులో అడిగే ధర దీనికంటే ఎక్కువే ఉంటోంది. ఆ ఎక్కువంతా యజమాని మీదే పడుతుంది.

షరతులు కూడా చూడండి. దరఖాస్తు పెట్టేవాడికి సొంత ఇల్లు ఉండాలి. దానిమీద పలకలు పట్టే కప్పు ఉండాలి. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. కరెంటు కనెక్షన్ ఉండాలి. రాయితీ ముందుగా రాదు. పలకలు బిగించి, మీటరు మార్చి, తనిఖీ అయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతవరకు చేతి డబ్బో అప్పో పెట్టుకోవాలి.

ఇప్పుడు ఈ షరతులను మన వఠారం గుమ్మం దగ్గర నిలబడి చదవండి. సొంత ఇల్లు లేదు. కప్పు ఓనరుది. మీటరు ఓనరు పేరున ఉంది. చేతిలో పెట్టుబడి లేదు. ఈ పథకంలో బీదవాడిని రావద్దని ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం లేకుండానే వాడు గుమ్మం బయట నిలబడ్డాడు.

ఎవరికి ఎంత మిగులుతుంది?

మన గదిలో వాడకం ఎంత? 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. రెండు బల్బులు, కాసేపు టీవీ, అన్నీ కలిపినా రోజుకు యూనిట్ పైచిలుకు. చిన్న ఫ్రిజ్ ఉంటే ఇంకో యూనిట్. నెలకు 65 యూనిట్లు అనుకుందాం. కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి పథకం ఉంది. 2022-23లో ఇంటి సగటు వాడకానికి 10 శాతం కలిపి, 200 యూనిట్లు మించకుండా ఉచితం. అద్దె ఇళ్ళకూ వర్తిస్తుంది. వేరే మీటరు ఉన్న గదికి 65 యూనిట్ల బిల్లు సున్నా. అలాంటి వాడికి రేపు ఓ కప్పు దొరికి పలకలు పెట్టుకున్నా మిగిలేది కూడా సున్నాయే.

అదే నెలకు 400 యూనిట్లు వాడే ఇల్లు చూడండి. గీజరు, వాషింగ్ మెషిను, ఏసీ ఉన్న ఇల్లు. 2025 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 5 రూపాయల 80 పైసల లెక్కన 2,320 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, పన్ను, విద్యుత్ ఉద్యోగుల పింఛను కోసం వేసిన 36 పైసల సర్‌ఛార్జీ వేరే. కిలోవాటు పలకలు మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. మూడు కిలోవాట్లకు నెలకు 360. వానాకాలంలో తగ్గినా, మంచి నెలల్లో రెండు వేల రూపాయల పైన మిగులుతుంది. పెట్టిన 67,000 మూడేళ్ళ దరిదాపుల్లో తిరిగి వస్తుంది. పలకల ఆయుష్షు పాతికేళ్ళు. మిగతా ఇరవై రెండేళ్ళూ లాభమే.

అంటే ఎవరి బిల్లు పెద్దదో వాళ్ళకు పెద్ద రాయితీ. ఎవరి బతుకు చిన్నదో వాళ్ళకు సున్నా. దీన్ని సంక్షేమం అని పిలిస్తే ఒప్పుకుందామా?

వఠారం మీటరు కథ

ఇంకా చేదు సంగతి ఒకటుంది. మన సభ్యులుండే వఠారాలు కొన్నింటిలో ఆరేడు గదులకు ఒకటే మీటరు. గదికి 65 చొప్పున ఆరు గదులకు 390 యూనిట్లు. 200 దాటింది కనుక గృహజ్యోతి పోయింది, మొత్తం బిల్లు కట్టాల్సిందే. విడివిడిగా మీటర్లుంటే ఆరు గదులకూ సున్నా బిల్లు రావలసిన చోట, ఓనరు పెట్టిన చిన్న సబ్‌మీటరు చూసి యూనిట్‌కు తొమ్మిది రూపాయలు వసూలు చేస్తున్నారు. మేము తిరిగిన ఒక వఠారంలో సంగతి ఇదే. గదికి 585 రూపాయలు. ఆరు గదులకు నెలకు 3,510 రూపాయలు.

రేపు ఆ ఓనరే మిద్దె మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టించాడనుకోండి. ప్రజల డబ్బు 78,000 అతని ఖాతాలో పడుతుంది. ఎండ 360 యూనిట్లు ఇస్తుంది. అతను కట్టే బిల్లు ముప్పై యూనిట్లకు దిగుతుంది. మన దగ్గర వసూలు మాత్రం యూనిట్‌కు తొమ్మిది రూపాయలే. ఎండను మనకే అమ్ముకుంటాడన్నమాట! దాన్ని ఆపే షరతు ఏదీ రాయితీ కాగితంలో లేదు.

ఓనర్లందరూ ఇలాంటివాళ్ళే అని మేము అనడం లేదు. వాళ్ళలోనూ ఒకప్పుడు మనలాగే మిల్లులో చేసి, పీఎఫ్ డబ్బుతో నాలుగు గదులు కట్టుకున్నవాళ్ళున్నారు. మా గొడవ మనిషితో కాదు, మనిషికి ఆ వీలు కల్పించిన నిబంధనతో.

మిల్లు కప్పు మీద మెరిసేది ఎవరి సొమ్ము?

యాజమాన్యాలకు దక్కేది ఇంకో రకం. సోలారు మీద పెట్టిన ఖర్చులో 40 శాతం మొదటి ఏడాదే తరుగుదల కింద చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చు. 2017కు ముందు ఇది 80 శాతం ఉండేది. 2025 సెప్టెంబరులో పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. మిల్లుకు కరెంటు పెద్ద ఖర్చు. అది తగ్గితే ఆ మేరకు లాభం పెరుగుతుంది. మంచిదే. కానీ కూలి చర్చలకు కూర్చున్న ప్రతిసారీ "కరెంటు ఛార్జీలు పెరిగాయి, ఇవ్వలేం" అనే పాట వింటున్నాం కదా! ఛార్జీ పెరిగినప్పుడు మన కూలిలో కోత అయితే, ఛార్జీ తగ్గినప్పుడు మన కూలిలో వాటా ఎందుకు కాదు?

కప్పు పైన ఎండ సొమ్ము చేస్తోంది. కప్పు కింద స్పిన్నింగ్ ఖాతాలో ఉక్కపోతతో మనిషి సొమ్మసిల్లుతున్నాడు. పలకలు కడగడానికి కాంట్రాక్టు మనుషులను బెల్టు, తాడు లేకుండా రేకుల మీదికి ఎక్కిస్తే ఊరుకోబోమని కూడా ఇప్పుడే చెబుతున్నాం.

ఇది కొత్త కథ కాదు

ఈ రాజ్యంలో కరెంటు మొదటినుంచీ ముందు ఎవరికి వెళ్ళిందో చూడండి. 1902లో శివనసముద్రం జలపాతం కరెంటు మొదట వెళ్ళింది కోలారు బంగారు గనులకు, తెల్లదొరల కంపెనీ యంత్రాలకు. బెంగళూరు వీధి దీపం వెలిగింది 1905 ఆగస్టులో. ఆ గనుల్లో దిగిన కూలీలు తమిళులు, తెలుగువాళ్ళు. గనులు 2001లో మూతపడ్డాయి.

మన కాలంలో పావగడ ఉంది. తెలుగు మాట్లాడే తాలూకా అది. అక్కడినుంచి వచ్చి ఇక్కడ మగ్గం దగ్గర నిలబడినవాళ్ళు మనలో ఉన్నారు. 2,050 మెగావాట్ల సోలారు పార్కు కోసం దాదాపు 13,000 ఎకరాలు రైతుల దగ్గర 28 ఏళ్ళ కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైంది. పొలం ఉన్న రైతుకు కౌలు వచ్చింది. ఆ పొలంలో కూలి చేసిన వాడికి? గొర్రెలు మేపుకున్న వాడికి? కౌలు కాగితంలో వాడి పేరు లేదు. అక్కడ భూమి లేనివాడు, ఇక్కడ కప్పు లేనివాడు. ఇద్దరిదీ ఒకే కష్టం.

2013లో కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ ఇంటికప్పు సోలారుకు రాయితీ తీసుకోని పక్షంలో యూనిట్‌కు 9 రూపాయల 56 పైసలు ఇవ్వాలని ధర కట్టింది. అప్పుడు పెట్టుబడి ఉన్నవాళ్ళు పాతికేళ్ళ ఒప్పందాలు రాసుకున్నారు. ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్ళకు అందులో సగం ధర కూడా లేదు. డబ్బున్నవాడు ముందు తిని లేచాక, అడుగు బొడుగు మిగిలినప్పుడు మనల్ని పంక్తికి పిలుస్తున్నారు.

దారి లేదా? ఉంది

కప్పు లేనివాడికి సోలారు ఇవ్వలేం అనేది సాకు. ఒకచోట పెట్టిన పలకల కరెంటును అనేక ఇళ్ళ బిల్లుల్లో పంచి జమ చేసే పద్ధతికి ఢిల్లీలో 2019లోనే నిబంధనలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని, బీసీలకు కేంద్ర రాయితీ మీద ఇంకో 20,000 ఇస్తామని ప్రకటించింది. అది ఎంతవరకు అమలవుతుందో కళ్ళు తెరిచి చూడాలి. కానీ తలచుకుంటే సర్కారు ఇవ్వగలదని అదే ఒప్పుకున్నట్టయింది కదా.

కాబట్టి మా డిమాండ్లు ఇవి:

1. అత్తిబెలెలో బడులు, ఆసుపత్రి, పురసభ భవనాల కప్పుల మీద ప్రజల డబ్బుతో పలకలు పెట్టి, ఆ యూనిట్లను అద్దె ఇళ్ళ కార్మికుల బిల్లుల్లో జమ చెయ్యాలి.

2. వఠారాల్లో ప్రతి గదికీ వేరే మీటరు ఇవ్వాలి. ఆ ఖర్చు అద్దెదారు మీద పడరాదు.

3. అద్దెకిచ్చిన భవనానికి రాయితీ తీసుకున్న ఓనరు, బెస్కాం రేటుకు మించి యూనిట్‌కు ఒక్క పైసా వసూలు చేయరాదని షరతు పెట్టాలి.

4. పన్ను మినహాయింపు పొందిన మిల్లులు సోలారు వల్ల మిగిలిన కరెంటు ఖర్చు లెక్కను కూలి చర్చల బల్ల మీద పెట్టాలి. ముందుగా ఖాతాల్లో ఫ్యాన్లు, గాలి బయటికి తోసే యంత్రాలు పెట్టాలి.

సొంత ఇల్లున్న సభ్యులకు ఒక మాట

హోసూరు వైపో, సొంత ఊళ్ళోనో ఇల్లు కట్టుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. మీరు పలకలు పెట్టుకోవద్దని మేము చెప్పడం లేదు. లెక్క చూసుకుని పెట్టుకోండి. ఉచిత యూనిట్ల లోపు మీ వాడకం ఉంటే అప్పు చేసి పెట్టడం వల్ల లాభం లేదు. తమిళనాడులో రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం, కర్ణాటకలో ఇంకో లెక్క. మీ బిల్లు ఏ రాష్ట్రానిదో చూసుకోండి. సర్కారు జాబితాలో నమోదైన కంపెనీ చేతనే పని చేయించండి. ఐదేళ్ళ మరమ్మతు బాధ్యత వాళ్ళదేనని కాగితం మీద రాయించుకోండి. "రాయితీ నేను తెప్పిస్తా" అనే దళారీ చేతిలో డబ్బు పెట్టకండి. రాయితీ మీ ఖాతాలోకే వస్తుంది. కరెంటు బిల్లు మీద తాతగారి పేరే ఉంటే ముందు అది మార్పించుకోండి.

సోదరులారా, సోదరీమణులారా!

2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకోకుండా కొత్త నిబంధన పెట్టినప్పుడు బెంగళూరు గార్మెంటు కార్మికులు, అందులో ఎక్కువమంది మన అక్కచెల్లెళ్ళు, రోడ్డు మీదికి వచ్చారు. రెండు రోజుల్లో ఢిల్లీ సర్కారు ఆ నిబంధన వెనక్కు తీసుకుంది. ఎవరూ దయతలచి ఇవ్వలేదు. మనం నిలబడ్డాం కనుక దక్కింది.

వచ్చే గేటు మీటింగుకు ప్రతివారూ తమ కరెంటు బిల్లు తెచ్చుకోండి. బిల్లు లేనివాళ్ళు ఓనరుకు నెలకు ఎంత కడుతున్నారో చీటీ మీద రాసుకుని రండి. ఆ చీటీలన్నీ జత చేసి పురసభకూ, బెస్కాం ఆఫీసుకూ వినతిపత్రం ఇద్దాం. ఎండకు కౌలు లేదు, పట్టా లేదు. దాని ఫలానికి ఓనరు ఎవరో తేల్చుకుందాం.

కప్పు లేని వాడికీ కరెంటులో వాటా కావాలి!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!