లారీ తాగే నీళ్లు ఎటు పోతున్నాయి?

కోటా అనగానే తెలుగు తల్లిదండ్రులకు రాజస్థాన్‌లోని కోచింగ్ సెంటర్లే గుర్తొస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోనూ ఓ కోటా ఉంది. బిలాస్‌పూర్-కట్నీ రైలు మార్గంలో ఉన్న ఆ ఊరి స్టేషన్ పేరు మాత్రం కర్గీ రోడ్. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్లే లారీకి అచానక్‌మార్ అడవి, మైకల్ కొండలు ఎదురవుతాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే ఆ దారిలో, రోజుకో లీటరు నీళ్లు తాగే పాత లారీని ఎక్కించడం జూదమే.

కారేది కనిపిస్తే బాధ లేదు. చిక్కల్లా కింద చుక్క పడకుండా మాయమయ్యే కూలెంట్‌తోనే. చాలా షెడ్లలో తొలి తీర్పు 'హెడ్ గ్యాస్కెట్ పోయింది' అనే. ఇంజన్ విప్పించే ముందు అతి చవకైన అనుమానితుణ్ని, అంటే రేడియేటర్ మూతను చూడాలి. అది లోపల ఒత్తిడిని నిలబెడుతుంది. ఒక బార్ అదనపు ఒత్తిడిలో నీళ్లు 100 వద్ద కాక 120 డిగ్రీల వద్ద మరుగుతాయి. మూత రబ్బరు ఎండినా, స్ప్రింగ్ సడలినా నీళ్లు ఓవర్‌ఫ్లో పైపు గుండా దారి పొడవునా పోతాయి. లారీ ఆగేసరికి ఆనవాలుండదు.

తర్వాత ప్రెషర్ టెస్టు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి (వేడి మీద తీసి ముఖం కాల్చుకున్న క్లీనర్లకు కొదవలేదు). చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు గాలి ఎక్కించి పావుగంట ఆగాలి. ముల్లు పడిపోతే ఎక్కడో పోతున్నట్టే. హోస్ క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర ఎండిన చారలు వెతకాలి. వేడి ఇంజన్ మీద పడ్డ చుక్క నేల చేరకముందే ఆవిరవుతుంది. మిగిలేది చారే.

బయట ఏమీ దొరకకపోతేనే లోపలి సంగతి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందా? ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ తెల్లటి ఆవిరి కక్కుతోందా? రేడియేటర్‌లో బుడగలు లేస్తుంటే, పొగ తగిలితే రంగు మారే నీలి ద్రావణంతో పరీక్షించాలి. రంగు మారితే హెడ్ గ్యాస్కెట్ మీదో, హెడ్ పగులు మీదో అనుమానం బలపడుతుంది. బుడగలున్నా రంగు మారలేదంటే ఎయిర్ కంప్రెసర్ వైపు చూడాలి. కార్లకే అలవాటుపడ్డ మెకానిక్కుకు ఇది తట్టదు. ఎయిర్ బ్రేకులున్న చాలా లారీల్లో కంప్రెసర్ హెడ్ కూడా ఇంజన్ నీళ్లతోనే చల్లబడుతుంది. అక్కడ గ్యాస్కెట్ పోతే గాలి నీళ్లలోకి, నీళ్లు గాలి ట్యాంకులోకి వెళ్తాయి. ట్యాంకు డ్రెయిన్ చేసినప్పుడు కూలెంట్ రంగు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

డ్యాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లును పూర్తిగా నమ్మడానికి లేదు. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. నీళ్లు బాగా తగ్గాక అది తక్కువే చూపించవచ్చు, ఈలోగా ఇంజన్ పట్టేస్తుంది. అందుకే రోజూ పొద్దున్నే, చల్లటి ఇంజన్‌లో ఎన్ని నీళ్లు పట్టాయో ఓ పుస్తకంలో రాసుకునే డ్రైవర్ సగం రోగనిర్ధారణ చేసినవాడే. తగ్గిన ప్రతిసారీ బోరు నీళ్లే పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. తీసేసిన కూలెంట్‌ను షెడ్డు ముందు పారబోయడం ఇంకా పెద్ద తప్పు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కలు నాకేస్తాయి.