అన్నం పెట్టే చేతిని అడగకూడదా?

తార్నాకలోనో అడిక్‌మెట్‌లోనో ఒంటరి స్త్రీ ఇల్లు అద్దెకు అడిగితే ఆమెకు ఎన్ని ప్రశ్నలో! ఎక్కడ పనిచేస్తావు, ఎన్నింటికి ఇంటికొస్తావు, నీ కోసం ఎవరొస్తారు? అదే అనాథ పిల్లల హాస్టల్ గుమ్మంలోకి ఒక విదేశీ వాలంటీరు వస్తే ఒక్క ప్రశ్న కూడా ఉండదు. పూలదండ వేసి లోపలికి తీసుకెళ్తాం. సేవ అన్న మాటకి మన దగ్గర అంత మర్యాద.

ఆ మర్యాదకి మూల్యం చెల్లించింది పిల్లలు. సమాజసేవకుడిగా చెలామణీ అయిన ఆస్ట్రేలియా దేశస్థుడు పాల్ హెన్రీ డీన్‌ను మగపిల్లలపై లైంగిక అత్యాచారాల ఆరోపణతో 2001లో అరెస్టు చేశారు. విశాఖపట్నం కోర్టు అతనికి మూడేళ్ళ శిక్ష వేసింది 2015లో! అప్పటికి ఆ పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. ముంబైలో వీధిపిల్లల కోసం యాంకరేజ్ ఆశ్రమాలు నడిపిన బ్రిటిష్ పౌరుడు డంకన్ గ్రాంట్, అతని సహచరుడు అలన్ వాటర్స్‌లకు 2006లో శిక్ష పడింది. 2008లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. ఇంటా బయటా ఎవరూ లేని పిల్లలు ఇన్నేళ్ళు ఏ ధైర్యంతో నిలబడాలి?

ఇప్పుడు చట్టం ఉంది కదా అంటారు. నిజమే. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోవడం నేరం. కానీ ఫిర్యాదు చెయ్యాల్సిన నిర్వాహకుడి జీతం, హాస్టల్ అద్దె, పిల్లల బియ్యం ఆ దాత నుంచే వస్తుంటే? ముడి అక్కడుంది.

ఈ ముడి మనకి కొత్తది కాదు. సంపాదించి పెట్టే మగవాణ్ణి ఎదురు ప్రశ్నించకూడదన్నదే కదా కుటుంబం మనకి నేర్పిన మొదటి పాఠం! ఆ పాఠాన్ని ఇంట్లో ధిక్కరించిన మనం అనాథాశ్రమం దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఒప్పుకుంటున్నాం?

"ఇలా అడిగితే సాయం ఆగిపోతుంది" అని కొందరు. పిల్లల శరీరాలు పణంగా పెడితేనే వచ్చే సాయం ఆగనివ్వండి. "విదేశీయులు, పరమతస్థులు, అంతే" అని ఇంకొందరు. వీళ్ళకి పిల్లల మీద బెంగ లేదు. ఉంటే మన వార్డెన్లు, మన బాబాల గురించి కూడా నోరు విప్పేవారు. జబ్బు సంస్థలది. హైతీలో 2011లో ఆక్స్‌ఫామ్ సిబ్బంది లైంగిక దుష్ప్రవర్తన బయటపడితే అక్కడి డైరెక్టర్‌ను రాజీనామా చేసి వెళ్ళనిచ్చారు. లోకానికి తెలిసింది 2018లో. పరువు కాపాడుకోవడంలో తెల్ల సంస్థ, నల్ల సంస్థ తేడా లేదు.

పనిచేసే చోట వేధింపులపై 1997లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చాక ప్రతి క్యాంపస్‌లో కమిటీ కోసం స్త్రీలు పోరాడారు. పిల్లల కోసం ఆ మాత్రం పట్టుదల చూపలేమా? వాలంటీరు స్వదేశపు పోలీసుల నుంచి ధృవీకరణ పత్రం కావాలి. ఏ పెద్దవాళ్ళూ పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, తమ బసకి తీసుకెళ్ళకూడదు. ఫిర్యాదు వినే మనిషి ఆ సంస్థ జీతం తీసుకునే మనిషి కాకూడదు. ఆరోపణ వచ్చినవాణ్ణి గుట్టుగా మరో ఊరికి పంపకూడదు.

మన విభాగాల నుంచి విద్యార్థుల్ని ఇంటర్న్‌షిప్‌కి ఏ ఆశ్రమానికి పంపినా ముందు ఈ నాలుగూ ఉన్నాయా అని రాతపూర్వకంగా అడుగుదాం. జవాబు రాకపోతే పంపొద్దు. ఎందుకు పంపలేదో కూడా రాసి పెడదాం.