టీషర్టు, సర్టిఫికెట్ సరే... సీపీఆర్ వచ్చా?

మారథాన్‌కు వాలంటీర్లు కావాలనగానే చాలామంది పేరు ఇచ్చేస్తారు. టీషర్టు, టిఫిన్, చివర్లో సర్టిఫికెట్. రెజ్యూమెలో ఓ లైను. తప్పేం లేదు, బీటెక్‌లో నేనూ అందుకే వెళ్లా. నీళ్లు అందిస్తుంటే ఓ పెద్దాయన నా ముందే కుప్పకూలారు. అంబులెన్స్ ఎక్కడుందో తెలీదు, ఎవరికి ఫోన్ చేయాలో తెలీదు. పక్కనున్న కానిస్టేబుల్ పరుగెత్తి డాక్టర్‌ను తీసుకొచ్చాడు. ఆయన కోలుకున్నారు గానీ, గ్లాసు పట్టుకుని అలా నిలబడిపోయిన సంగతి నేను మాత్రం మర్చిపోలేదు.

బోస్టన్‌లో ఏం జరిగిందో చూడండి. 2013 ఏప్రిల్ 15న మారథాన్ ఫినిష్ లైన్ దగ్గర సెకన్ల తేడాతో రెండు బాంబులు పేలాయి. ముగ్గురు చనిపోయారు. 260 మందికి పైగా గాయపడ్డారు. నీరసించిన రన్నర్ల కోసం వేసిన మెడికల్ టెంట్ నిమిషాల్లో ఎమర్జెన్సీ వార్డుగా మారింది. వాళ్ల కోసం తెచ్చిన వీల్‌చెయిర్లలోనే క్షతగాత్రులను తరలించారు. బెల్టులు, బట్టలు బిగించి రక్తం ఆపారు. ప్రాణాలతో ఆసుపత్రికి చేరినవాళ్లంతా బతికారు. డాక్టర్లు, నర్సులు వాలంటీర్లుగా ముందే అక్కడ ఉండటం, ఎవరి పని ఏంటో తెలిసి ఉండటం పెద్ద కారణం.

మనం డాక్టర్లం కాదు కదా అంటారా? బారికేడ్లు పక్కకు లాగడానికి, అంబులెన్స్‌కు దారి ఇవ్వడానికి, వెనకొచ్చే రన్నర్లను ఆపడానికి డాక్టరే కానక్కర్లేదు. ఆ టైంలో ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టకపోవడం కూడా సాయమే.

ఈసారి వెళ్లేముందు ఆర్గనైజర్లను మూడు విషయాలు అడగండి: మెడికల్ టెంట్ ఎక్కడ? అంబులెన్స్ ఏ దారిలో వస్తుంది? నా ఇన్‌చార్జి ఎవరు? చెప్పలేకపోతే గట్టిగా అడగండి. ఉచితంగా పనిచేస్తున్నాం కదా, అరగంట శిక్షణ ఇవ్వమనడం మన హక్కు. 112, 108 గుర్తుంచుకోండి. జనం ఎక్కువైతే నెట్‌వర్క్ కిక్కిరిసి కాల్స్ కలవవు. మీవాళ్లకు క్షేమంగా ఉన్నానని చెప్పడానికి మెసేజ్ పెట్టండి, లైన్లు ఖాళీగా ఉంచండి. సీపీఆర్ నేర్చుకోండి. ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, దాదాపు 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. చదివితే రాదు, బొమ్మ మీద ప్రాక్టీస్ చేయాల్సిందే.

‘ఒత్తిడిలో ఎలా పనిచేస్తారు?’ అని ఇంటర్వ్యూలో అడుగుతారు. అప్పుడు సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు. ఆరోజు మీరేం చేశారో చెప్పగలగాలి.