పది రూపాయల పార్టుకు వేల రూపాయల బోర్డా?

టీవీ బంద్ పడితే కంపెనీ మనిషి చెప్పే మాట ఒక్కటే: 'బోర్డు పోయింది, మార్చాలె'. చాలాసార్లు పోయింది బోర్డు కాదు. పవర్ సప్లైలో ఉబ్బిన ఒక కెపాసిటర్. దాని ధర పదో ఇరవయ్యో రూపాయలు. బోర్డు ధర వేలల్లో. ఈ తేడా ఎవరి జేబులోకి పోతున్నది?

మన మెకానిక్‌కు పని రాక కాదు. 1000 మైక్రోఫారాడ్లు, 16 వోల్టుల కెపాసిటర్ పోతే అవే మైక్రోఫారాడ్లతో 25 వోల్టులది వేయొచ్చని, తక్కువ వోల్టులది వేస్తే పేలుతదని అతనికి తెలుసు. వేడెక్కే చోట 85 డిగ్రీలది కాదు, 105 డిగ్రీలది వేయాలనీ తెలుసు. అసలు గోసంతా పార్టు దొరకడంతోనే. ఆదిలాబాద్ మెకానిక్ మూడు వందల కిలోమీటర్లు దాటి కోఠి గుజరాతీ గల్లీకి రావాలె. వచ్చినా అది కొత్తదో, పాత బోర్డు నుంచి ఊడబీకి నంబరు గీకి మళ్లీ అచ్చేసిందో పోల్చుకునుడు కష్టం. మైక్రోకంట్రోలర్ సంగతి ఇంకా అన్యాయం. చిప్ దొరికినా అందులో ప్రోగ్రాం ఉండదు. అది కంపెనీ గుప్పిట్ల ఉంటది. సర్క్యూట్ డయాగ్రం అడిగితే ఇయ్యరు.

బయట రిపేరు చేయిస్తే ప్రమాదమని కంపెనీల వాదన. ప్రమాదం రిపేరుతో కాదు, నకిలీ పార్టుతో. అసలు పార్టును దాచిపెట్టి జనాన్ని నకిలీ వైపు నెట్టింది ఎవరు?

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు'పై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. మంచిదే. కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు. యూరోపియన్ యూనియన్ 2024లో చట్టమే తెచ్చింది. వాషింగ్ మెషిన్లు, ఫోన్ల వంటి వాటి విడిభాగాలు న్యాయమైన ధరకు అమ్మాలన్నది. సరైన కారణం లేకుండా సాఫ్ట్‌వేర్‌తో రిపేరును అడ్డుకోవద్దన్నది. అక్కడి కొనుగోలుదారుకున్న హక్కు మనకెందుకు ఉండొద్దు?

1967లో పుట్టిన ఈసీఐఎల్ టీవీలు తయారుచేసిన గడ్డ ఇది. ఇక్కడ ఐటీఐ చదివి సోల్డరింగ్ ఐరన్ పట్టిన పోరడు పార్టు దొరకక షట్టర్ దించుకుంటే అది వాని ఒక్కని బాధ కాదు. నెల జీతంతో వస్తువు కొన్న ఉద్యోగిదీ, పాత ల్యాప్‌టాప్‌తో పరీక్షలకు చదివే విద్యార్థిదీ.

అడగాల్సినవి మూడే. అమ్మిన ప్రతి వస్తువుకూ సర్క్యూట్ డయాగ్రం ఇయ్యాలె. విడిభాగాలు ధర ప్రకటించి జిల్లా కేంద్రాల్లో అమ్మాలె. అమ్మకం ఆపినంక కూడా కొన్నేళ్లు వాటిని అందుబాటులో ఉంచాలె. పైసలు పెట్టి కొన్న వస్తువు మనదే అయితే, దాన్ని బాగుచేసుకునే హక్కు కూడా మనదే.