కె. వి. రెడ్డి గారి కొలత

మన పురజనులు చలనచిత్రమును జూచి వచ్చి నటుని మెచ్చుకొందురు; పాటను పాడుకొందురు. ఆ నటుడెచట నిలువవలెనో, ఆ పాటకెంత వెలుగు కావలెనో నిర్ణయించిన దర్శకుని మాత్రము తఱచుగా మఱచిపోవుదురు. ఇది న్యాయము కాదు.

కదిరి వెంకటరెడ్డి గారు 1912లో అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. వాహినీ సంస్థలో నిర్మాణ వ్యవహారములు చక్కబెట్టి, 1943లో "భక్త పోతన"తో దర్శకులైరి. జమాఖర్చులెఱిగిన యా బుద్ధి తుదివఱకు వారిని విడువలేదు. కథను, సంభాషణలను ముందుగనే పూర్తిచేయించి, నటులచే నభ్యాసము చేయించి, గడియారము చేతబట్టి యొక్కొక్క ఘట్టమునకు పట్టు కాలమును వారు లెక్కించుచుండిరి. ఛాయాగ్రహణ మారంభము గాక పూర్వమే చిత్రముయొక్క నిడివి వారికి దెలిసియుండెడిది. ఇట్టి లెక్క కళకు సంకెల కాదా యని యడుగువారు గలరు. కాదని "మాయాబజారు" సాక్ష్యమిచ్చుచున్నది.

1957లో విజయావారు వెలువరించిన యీ చిత్రము పాండవుల యింటికథ. అయినను పాండవులైదుగురిలో నొక్కరును తెరపై గానరారు. వారికి గలిగిన యాపద బంధువుల మాటలలో, వారి ముఖములలో మనకు దెలియును. చూపవలసినదానిని జూపుట పలువురకు సాధ్యము. చూపనక్కఱలేనిదాని నెఱిగి విడిచిపెట్టుట కొందఱకే సాధ్యము.

ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చిన ఘట్టమును దలచికొనుడు. అచట యంత్రపు మాయ యేమంత లేదు. సావిత్రి గారి సుకుమార దేహములో రాక్షసుని నడక ప్రవేశించును. మఱుక్షణమున కన్నెపిల్ల సిగ్గు తిరిగి వచ్చును. ఆ రెంటి నడుమ నెంత యెడముండవలెనో దర్శకునికి దెలియును. ఒక్క నిమేషము హెచ్చినచో హాస్యము వెగటగును. తగ్గినచో తెలియకయే పోవును. కొలతయనగా నిదియే.

ఇక నౌకావిహారపు వెన్నెల. అది ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్‌లీ గారు దీపములచే గల్పించిన వెన్నెల. నీటిపై తళుకు, ముఖముపై మెత్తని కాంతి, వెనుక చీకటి. ఈ మూటితోనే చల్లని రాత్రి మన యెదుట నిలిచినది. అందులో రంగు లేదు. రంగు లేని కొఱతయు లేదు.

ఈ మాట యిప్పుడేల యనగా, 2010లో హైదరాబాదులోని యొక సంస్థవారు ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. వారి శ్రమను, అభిమానమును మేము శంకింపము. నలుపు తెలుపు చిత్రమన్నచో ముఖము త్రిప్పుకొను యువజనులు రంగులకై వచ్చి కథను జూచిరను వాదమును ద్రోసిపుచ్చరానిది. రెడ్డి గారికి రంగు లభించియుండిన దానినే వాడియుందురేమో యని కూడ వాదింపవచ్చును. కాని యట్లు వాడియుండిన దీపములను వేఱుగ నమర్చియుందురు; వస్త్రములను వేఱుగ నెంచియుందురు. నీడకై యమర్చిన తెరపై రంగు పూయుట, వ్రాసినవాడు గతించిన పిదప వీలునామాలో నింకొక పంక్తి చేర్చుటవంటిది. ఉద్దేశమెంత మంచిదైనను, ఆ పంక్తి యాతనిది కాదు. రెడ్డి గారు 1972లోను, బార్ట్‌లీ గారు 1993లోను కీర్తిశేషులైరి. అంగీకారమడుగుటకు వారు లేరు.

రంగుల ప్రతిని నిషేధింపుమని మేము గోరుట లేదు. మూలప్రతి మఱుగున బడరాదని మాత్రమే మా విన్నపము. పఠన మందిరములవారు, కళాశాలలవారు సంవత్సరమున కొక్క రాత్రియైన నలుపు తెలుపు "మాయాబజారు"ను బిల్లలకు జూపవలెను. చూపుటకు ముందు దర్శకుని పేరు, ఛాయాగ్రాహకుని పేరు చెప్పవలెను. నౌకావిహారము వచ్చినప్పుడు, ఆ వెన్నెలను మనుష్యులే చేసిరని చెవిలో జెప్పవలెను. ఆ మాట విన్న పిల్లవాడు మఱునాటినుండి తెరను వేఱు కన్నుతో జూచును. అట్టి ప్రేక్షకులు పెరిగినప్పుడే మనకు మఱల నట్టి దర్శకులు లభింతురు.